ఒకే బండ, ఒకే బ్యాటరీ

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు తిరునాళ్ల జరిగితే బండలాగుడు పోటీ ఉండాల్సిందే. ఒంగోలు జాతి ఎద్దులను పళ్లను బట్టి పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విడదీస్తారు. ఒక విభాగంలో దిగిన జతలన్నిటికీ బండ ఒకటే, గడువూ ఒకటే. గడువు ముగిసేసరికి ఎన్ని అడుగుల ఎన్ని అంగుళాలు లాగాయో కొలుస్తారు. మొదట్లో దుమ్ము రేపిన జతే గెలుస్తుందన్న నమ్మకం లేదు. పోటీలు చూసి తలపండినవాళ్ల కన్ను మలుపు మీద ఉంటుంది. అక్కడ బండ ఆగిందా, కదులుతూనే తిరిగిందా? ఆగిన బండను మళ్లీ కదిలించడానికి ఎక్కువ బలం కావాలి. జారుడు ఘర్షణ కన్నా స్థైతిక ఘర్షణ ఎక్కువని బడిలో చదువుకున్నది ఇదే.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుసేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల పందెం ఫార్ములా ఈ జరిగినప్పుడు నాకు ఈ పోటీలే గుర్తొచ్చాయి. అక్కడా అంతే. రేసుకు ఎంత విద్యుత్తు వాడుకోవచ్చో అన్ని కార్లకూ ఒకే పరిమితి. బ్యాటరీ, చట్రం, ముందు మోటారు, టైర్లు కూడా అందరికీ ఒకటే. జట్టు సొంతంగా తయారుచేసుకునేది ప్రధానంగా కారు వెనక భాగం: మోటారు, ఇన్వర్టర్, గేర్‌బాక్సు, వెనక సస్పెన్షన్, వీటిని నడిపే సాఫ్ట్‌వేర్. అందుకే అక్కడ ఓడిన జట్టు లోపాన్ని వెతకడం తేలిక. చూడాల్సిన చోట్లు కొన్నే.

మన దేశపు జట్టు మహీంద్రా రేసింగ్ ఆ సీజన్‌ను చూడముచ్చటగా మొదలుపెట్టింది. జనవరి 14న మెక్సికో సిటీలో జట్టు డ్రైవరు లుకాస్ డి గ్రాసీ అర్హత పోటీలో మొదటి స్థానం, రేసులో మూడో స్థానం సాధించాడు. ఆ ఊపు నిలవలేదు. హైదరాబాద్‌లో జట్టు రెండో డ్రైవరు ఆలివర్ రోలాండ్ 6వ స్థానంలో వచ్చాడు, డి గ్రాసీకి పాయింట్లు రాలేదు. రెండు వారాలకు కేప్‌టౌన్‌లో వెనక సస్పెన్షన్ భాగాల మీద అనుమానం వచ్చి, అర్హత పోటీకి ముందే జట్టు రెండు కార్లనూ విరమించుకుంది. సీజన్ ముగిసేసరికి 11 జట్లలో మహీంద్రాది 10వ స్థానం.

మెక్సికోలో మెరిసిన కారు ఎందుకు వెనకబడింది? డ్రైవర్లను తప్పుపట్టడం నాకు సబబుగా తోచదు. అర్హత పోటీలో ఒక ల్యాపు వేగంగా తిరిగితే చాలు. ఎవరికైనా గరిష్ఠ శక్తి 350 కిలోవాట్లే. కరెంటు కొంత వేడిగా పోయినా ఆ ఒక్క ల్యాపులో పట్టించుకోనక్కర్లేదు. రేసులో మాత్రం పోయిన ప్రతి చుక్కా లెక్కకొస్తుంది.

ఈ కారు బ్రేకు వేసినప్పుడు మోటార్లు డైనమోలుగా మారి గరిష్ఠంగా 600 కిలోవాట్ల దాకా బ్యాటరీకి తిరిగి పంపగలవు. రేసులో వాడే శక్తిలో దాదాపు 40 శాతం ఇలా వెనక్కి వచ్చిందే. నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లే నల్లమల ఘాట్‌లో దిగేటప్పుడు విద్యుత్ కారు బ్యాటరీ కాస్త నిండడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు.

చిన్న లెక్క వేద్దాం. డ్రైవరుతో కలిపి 840 కిలోల కారు గంటకు 200 కిలోమీటర్ల నుంచి 60కి దిగితే విడిచే గతిశక్తి సుమారు 0.33 యూనిట్లు. యూనిట్ అంటే మన కరెంటు బిల్లులో ఉండేదే. అందులో 3 శాతం ఎక్కువ వృథా అయిందనుకోండి, పోయింది 0.01 యూనిట్. ల్యాపుకు ఇలాంటి బ్రేకులు ఐదు, ల్యాపులు 32 అనుకుంటే మొత్తం 1.6 యూనిట్లు. బ్యాటరీలో వాడుకోదగ్గది సుమారు 38.5 యూనిట్లు కాబట్టి ఒక్కో ల్యాపుకు దక్కేది 1.2. అంటే ఒక ల్యాపుకు మించిన కరెంటు వేడిగా గాలిలో కలిసిపోయింది! ఆ లోటు పూడ్చాలంటే డ్రైవరు తిన్నటి దారి చివర ముందుగానే కాలు తీయాలి. అక్కడే వెనకున్నవాడు దాటిపోతాడు.

పోనీ అనుమతించిన కిలోవాట్లకు మించి లాగితే? హైదరాబాద్‌లో మూడోవాడుగా వచ్చిన సెబాస్టియన్ బ్యూమీ కారు గరిష్ఠ శక్తి పరిమితి దాటిందని 17 సెకన్లు కలిపారు. అతను 15వ స్థానానికి పడిపోయాడు.

కరెంటు పోయే చోట్లు చాలా ఉన్నాయి: మోటారు తీగచుట్లలో వేడి, ఇన్వర్టర్ స్విచ్చుల్లో నష్టం, గేర్‌పళ్ల రాపిడి. మహీంద్రా కారులో ఏది ఎంత తిన్నదో బయటికి కొలతలు రాలేదు. కానీ ఒక బలమైన సాక్ష్యం ఉంది. ఆ ఏడాది మోటారు, ఇన్వర్టర్, గేర్‌బాక్సుల సముదాయమైన మహీంద్రా పవర్‌ట్రెయిన్‌నే కొనుక్కుని ఏబీటీ కుప్రా అనే మరో జట్టు దిగింది. వేరే డ్రైవర్లు, వేరే ఇంజనీర్లు, వెనక భాగం మాత్రం అదే. కేప్‌టౌన్‌లో వాళ్లూ విరమించుకున్నారు. బెర్లిన్‌లో తడి రోడ్డు మీద అర్హత పోటీలో మొదటి రెండు స్థానాలూ వాళ్లవే అయినా, రేసులో ముందు నిలవలేకపోయారు. సీజన్ చివర వాళ్లది 11వ స్థానం. ఒక్క అంశాన్ని స్థిరంగా ఉంచి మిగతావి మార్చి చూసినట్టే, ఇది దాదాపు ఒక ప్రయోగం. లోపం వెనక భాగంలోనే ఉందని నా దృష్టిలో తీర్పు ఇక్కడే తేలిపోయింది.

తెలిసిన లోపాన్ని దిద్దుకోనివ్వని నియమం ఒకటుంది. ఖర్చు అదుపులో ఉండాలని పవర్‌ట్రెయిన్ యంత్రభాగాలను రెండు సీజన్లు మార్చనివ్వరు. సాఫ్ట్‌వేర్‌ను సరిదిద్దుకోవచ్చు. భద్రతకు సంబంధించిన మార్పులకు అనుమతి అడగొచ్చు. ఆ రెండేళ్లు ఇంజనీర్లు పడ్డ తపన నాకు తెలిసిన ఏ రైతు కష్టానికీ తీసిపోదు. ఎద్దు డొక్క పీల్చుకుపోయిందని తెలిసినా ఆ కాడితోనే దుక్కి దున్నాల్సిన పరిస్థితి.

గడువు తీరాక కొత్త యంత్రభాగాలతో దిగిన 2024-25 సీజన్‌లో మహీంద్రా నాలుగో స్థానానికి ఎగబాకింది. హైదరాబాద్ రేసు మాత్రం 2024 జనవరిలోనే రద్దయింది. కోలుకున్న ఆ కారు హుసేన్‌సాగర్ ఒడ్డున మలుపు తిరగడం ఆ సీజన్‌లో మనం చూడలేకపోయాం.