అడగందే బోర్డయినా పెట్టదు!

జూన్ వచ్చిందంటే యూకే యూనివర్సిటీల్లో స్టూడెంట్లకి కనిపించని మీటింగులు మొదలవుతాయి. వాటి పేరు అసెస్‌మెంట్ బోర్డు. కొన్నిచోట్ల ఎగ్జామ్ బోర్డు అంటారు. ఏడాదంతా మీరు రాసిన అసైన్‌మెంట్లు, పరీక్షలు, ప్రాజెక్టులు అన్నీ అక్కడ ఒక్క లైనుగా మారిపోతాయి. ఆ లైను చివర ఒకటే మాట. పై ఏడాదికి వెళ్లొచ్చు, మళ్లీ రాయాలి, డిగ్రీ ఇవ్వొచ్చు, లేదంటే కోర్సు ఇక్కడితో ఆపేయాలి.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. 11 ఏళ్లుగా ఇంగ్లండ్‌లో ఒక యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చెప్తున్నా. ఏటా మూడు నాలుగుసార్లు ఈ బోర్డుల్లో కూర్చుంటా. హైదరాబాద్, విజయవాడ, వరంగల్, కర్నూలు నుంచి వచ్చిన పిల్లలు నా క్లాసులో ఎప్పుడూ ఉంటారు. తెలివిలో ఎవరికీ తీసిపోరు. కానీ ఈ బోర్డు ఏం చూస్తుందో, ఏం చూడదో తెలియక నష్టపోయేవాళ్లు ఎక్కువ. మీరు వెళ్లబోతున్నా, మీ అన్నయ్యో అక్కో అక్కడ ఉన్నా, ఒక ఐదు నిమిషాలు ఇటు చూడండి.

పేరుండదు, నంబరే

గదిలో ఒక చైర్, సబ్జెక్టులు చెప్పిన లెక్చరర్లు, మినిట్స్ రాసే సెక్రటరీ ఉంటారు. ఎదురుగా స్క్రీన్ మీద పెద్ద పట్టిక. చాలా యూనివర్సిటీల్లో ఆ పట్టికలో పేర్లుండవు, స్టూడెంట్ నంబర్లే. క్లాసులో ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి ఎవరో, వెనకాల నిద్రపోయే అబ్బాయి ఎవరో మాకు తెలీదు. తెలియకూడదనే ఆ ఏర్పాటు.

ఇంకొకరు కూడా ఉంటారు, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్. వేరే యూనివర్సిటీ నుంచి వచ్చే ప్రొఫెసరో, లెక్చరరో. మామూలుగా నాలుగేళ్లు ఆ బాధ్యతలో ఉంటారు. కొన్ని పేపర్లు శాంపిల్‌గా తెప్పించుకుని చూస్తారు. ‘ఇక్కడ 65 వేసింది మా దగ్గరైనా 65కి తూగుతుందా?’ అన్నది వాళ్ల ప్రశ్న. ఒక్కొక్కరి మార్కు మార్చడం సాధారణంగా వాళ్ల పని కాదు. మొత్తం కొలత సరిగ్గా ఉందో లేదో చెప్పడమే పని. ఈ పద్ధతి ఇవాళ్టిది కాదు. 1832లో డరమ్ యూనివర్సిటీ మొదలైనప్పుడు ఆక్స్‌ఫర్డ్ నుంచి పరీక్షకుల్ని పిలిపించుకుంది. అక్కణ్నుంచి వచ్చిన అలవాటే ఇది.

లెక్క ఇలా కడతారు

యూకేలో చదువుని క్రెడిట్లలో కొలుస్తారు. ఒక క్రెడిట్ అంటే సుమారు 10 గంటల కష్టం. అంటే 20 క్రెడిట్ల మాడ్యూల్‌కి 200 గంటలు. క్లాసులు, లైబ్రరీ, ఇంట్లో చదువు అన్నీ కలిపి. ఆనర్స్ డిగ్రీకి 360 క్రెడిట్లు, అంటే ఏడాదికి 120. మాస్టర్స్‌కి 180. అందులో సాధారణంగా 120 మాడ్యూల్స్‌కి, 60 డిసర్టేషన్‌కి.

డిగ్రీలో పాస్ మార్కు ఎక్కువ చోట్ల 40, మాస్టర్స్‌లో 50. మాస్టర్స్‌లో 60 దాటితే మెరిట్, 70 దాటితే డిస్టింక్షన్. ఇంటర్‌లో 97 శాతం తెచ్చుకున్న పిల్లలు మొదటి అసైన్‌మెంట్‌లో 62 చూసి ఏడుస్తారు. ఏడవక్కర్లేదు. అక్కడ 62 అంటే మంచి మార్కే. 80 దాటినవాళ్లు క్లాసులో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఫెయిలైతే రెండు దారులు. ఒకటి కంపెన్సేషన్. ఒక మాడ్యూల్‌లో కొంచెంలో పోయి, మిగతావాటిలో సగటు బాగుంటే, ఆ క్రెడిట్లు ఇచ్చేస్తారు. మన గ్రేస్ మార్కుల్లాంటిదే అనుకోండి. తేడా ఏంటంటే మార్కు మాత్రం పెరగదు. 44 వస్తే 44గానే ఉంటుంది. దీనికీ ఒక హద్దు ఉంటుంది, ఎన్ని పడితే అన్నిటికి ఇవ్వరు.

రెండోది రీసిట్. మళ్లీ రాయడం. ఇక్కడే అసలు మెలిక. రీసిట్‌లో మీకు 90 వచ్చినా, చాలా యూనివర్సిటీల్లో రికార్డులో పడేది పాస్ మార్కే. మాస్టర్స్ అయితే 50. దీన్నే క్యాప్ అంటారు. అప్పుడూ గట్టెక్కకపోతే మొత్తం చదువు వృథా కాదు. 120 క్రెడిట్లుంటే పోస్ట్‌గ్రాడ్యుయేట్ డిప్లొమా, 60 ఉంటే సర్టిఫికెట్ ఇచ్చి పంపుతారు. కానీ మాస్టర్స్ అని చెప్పుకోలేరు.

ఇంకో సంగతి. ఒకే మార్కులు వచ్చిన ఇద్దరికి రెండు యూనివర్సిటీల్లో రెండు రకాల క్లాసులు రావొచ్చు. ఒకచోట రెండో ఏడాదికి 40 శాతం, మూడో ఏడాదికి 60 శాతం వెయిటేజీ ఉంటే, ఇంకోచోట వేరే లెక్క. మొదటి ఏడాది మార్కులు చాలాచోట్ల క్లాసులోకి రావు. అందుకే పక్క యూనివర్సిటీ ఫ్రెండ్ చెప్పింది వినకండి. మీ యూనివర్సిటీ రూల్ బుక్కే మీకు భగవద్గీత.

59.2 దగ్గర ఆగిపోయిన మెరిట్

ఇది నేను దగ్గరగా చూసిన సంగతి. ఆ అబ్బాయి ఒప్పుకున్నాకే రాస్తున్నా. పేరు, ఊరు చెప్పను.

ఎమ్మెస్సీలో ఆరు మాడ్యూల్స్. ఐదింట్లో 64, 61, 60, 58, 57 వచ్చాయి. ఆరోదాంట్లో 38. బోర్డులో ఆ నంబరు స్క్రీన్ మీదకి వచ్చింది. ‘ఎక్స్‌టెన్యుయేటింగ్ సర్కమ్‌స్టాన్సెస్’ అనే గడి ఖాళీగా ఉంది. అంటే, తనకి ఫలానా కష్టం వచ్చిందని ఆ స్టూడెంట్ ఎవరికీ చెప్పుకోలేదని అర్థం. 38కి కంపెన్సేషన్ రాదు. ‘రీసిట్, 50కి క్యాప్’ అన్నారు చైర్. పది సెకన్లు కూడా పట్టలేదు. తర్వాతి నంబరు.

లెటర్ అందాక ఆ అబ్బాయి నా రూముకి వచ్చాడు. అప్పుడు తెలిసింది ఆ నంబరు తనదని.

“పరీక్షకి మూడు రోజుల ముందు నాన్నకి గుండెపోటు వచ్చింది మేడమ్. స్టెంట్లు వేశారు. రాత్రంతా ఫోన్ పట్టుకునే కూర్చున్నా.”

“మరి ఎవరికైనా చెప్పావా?”

“లేదు మేడమ్. అమ్మే వద్దంది. కాలేజీవాళ్లకి ఇవన్నీ ఎందుకు, సాకులు చెప్తున్నావనుకుంటారు అంది.”

గడువు దాటిపోయింది. చెప్పకపోవడానికి తగిన కారణం చూపిస్తే ఆలస్యంగానూ తీసుకుంటారు. కానీ ‘అమ్మ వద్దంది’ అన్నది ఆ కారణాల్లో లేదు.

రీసిట్ రాశాడు. 71 వచ్చింది! రికార్డులో పడింది 50. డిసర్టేషన్‌లో 61. మొత్తం సగటు కడితే 59.2. ఆ 71ని 71గా లెక్కేస్తే 61.6 అయ్యేది. అంటే మెరిట్. సర్టిఫికెట్ మీద మాత్రం ‘పాస్’ అని ఉంది. పరీక్షకి ముందు ఒక ఆన్‌లైన్ ఫారం నింపి, హాస్పిటల్ కాగితం జత చేసి ఉంటే, ఆ పరీక్షని మళ్లీ మొదటి అటెంప్ట్‌గా రాయనిచ్చేవాళ్లు. క్యాప్ ఉండేది కాదు.

ఒక్కటి గమనించండి. కష్టం చెప్పుకుంటే మార్కులు కలుపుతారని మనవాళ్లు అనుకుంటారు. చాలాచోట్ల కలపరు. ఇచ్చేది ఇంకో అవకాశం, లేదా ఇంకొంత టైమ్. ఆ అవకాశం విలువ ఎంతో పై లెక్క చూస్తే తెలుస్తుంది.

మరి జాలి ఉండదా?

‘మనుషులేనా మీరు?’ అని ఒక తండ్రి నన్ను ఫోన్‌లో అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

జాలి గదిలోకి వస్తే ఏమవుతుందో ఆలోచించండి. నాకు తెలిసిన పిల్లాడని, మా జిల్లా వాడని నేను రెండు మాటలు మాట్లాడతా. ఎవరూ మాట్లాడని పిల్లాడి గతి ఏంటి? అందుకే కష్టాల సంగతి బోర్డుకి ముందే ఒక చిన్న ప్యానెల్ విడిగా చూస్తుంది. మాకు వచ్చేది ‘ఒప్పుకున్నాం’ లేదా ‘ఒప్పుకోలేదు’ అన్న మాట మాత్రమే. మీ నాన్నగారి జబ్బేంటో, మీ ఇంట్లో గొడవేంటో మాలో ఎవరికీ తెలీదు. మీ పరువు ఎక్కడికీ పోదు.

కానీ ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది, దాచను. ఇది అడగడం తెలిసినవాళ్లకి పనికొచ్చినంతగా, అడగడం తెలియనివాళ్లకి పనికిరాదు. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అని వింటూ పెరిగాం మనం. జ్వరం వచ్చినా పరీక్ష రాసి రావడమే గొప్ప అని నేర్పారు. అక్కడ దానికి పూర్తి రివర్స్. చాలా యూనివర్సిటీల్లో ‘ఫిట్ టు సిట్’ అని ఒక రూల్ ఉంటుంది. పరీక్ష హాల్లో కూర్చున్నారంటే ‘నేను బాగానే ఉన్నా’ అని సంతకం పెట్టినట్టే. తర్వాత జ్వరం అంటే వినడం కష్టం.

లోన్ తీసి, పొలం తాకట్టు పెట్టి వచ్చిన పిల్లలే ఎక్కువగా నోరు మెదపరు. ఏదైనా అంటే తిప్పి పంపేస్తారేమోనని భయం. నాన్నకి బాగోలేదని ఫారం నింపినంత మాత్రాన ఎవరి వీసా పోదు. వీసాకి చిక్కు వచ్చేది వేరే దారిలో.

తేదీకీ వీసాకీ లింకు

ఏడాది మాస్టర్స్ అయ్యాక స్టూడెంట్ వీసాలో 4 నెలలు అదనంగా ఉంటాయి. ఆ లోపు గ్రాడ్యుయేట్ రూట్‌కి అప్లై చేసుకోవాలి. దానికి మీరు కోర్సు విజయవంతంగా పూర్తి చేశారని యూనివర్సిటీ హోం ఆఫీసుకి చెప్పి ఉండాలి. బోర్డు కూర్చుని డిగ్రీ ఇవ్వనిదే యూనివర్సిటీ ఆ మాట చెప్పదు. ఒక్క రీసిట్ తర్వాతి బోర్డుకి జారిపోతే, ఆ 4 నెలలు చూస్తూ చూస్తూ కరిగిపోతాయి. వీసా పొడిగించుకోవాల్సి వస్తే మళ్లీ ఫీజులు. పైగా మాస్టర్స్ వాళ్లకి 2 ఏళ్లున్న గ్రాడ్యుయేట్ రూట్, 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకి 18 నెలలే. ఉద్యోగం వెతుక్కోవడానికి ప్రతి నెలా బంగారమే.

బోర్డు దగ్గర మార్కులే లేకపోతే ఏమవుతుందో 2023లో అందరం చూశాం. జీతాలు, పని పరిస్థితుల మీద లెక్చరర్ల యూనియన్ యూసీయూ ఏప్రిల్ 20 నుంచి సెప్టెంబర్ 6 దాకా 145 యూనివర్సిటీల్లో పేపర్లు దిద్దడం మానేసింది. గౌను వేసుకుని స్టేజీ ఎక్కినా, డిగ్రీ ఏ క్లాసో తెలియకుండానే దిగినవాళ్లు ఉన్నారు. ఫొటోలున్నాయి, ఫలితం లేదు.

నచ్చకపోతే?

అప్పీల్ చేసుకోవచ్చు. కానీ ‘నాకు 48 కాదు, 55 రావాలి’ అంటే కుదరదు. దాన్ని అకడమిక్ జడ్జ్‌మెంట్ అంటారు, దాని మీద అప్పీల్ ఉండదు. రూల్ ప్రకారం జరగాల్సింది జరగలేదని, మార్కులు కలపడంలో తప్పు దొర్లిందని, పక్షపాతం చూపారని, లేదా తగిన కారణం వల్ల ముందు చెప్పుకోలేకపోయానని అయితే వింటారు. దీనికీ గడువు తక్కువే, చాలాచోట్ల కొద్ది వారాలు.

యూనివర్సిటీలో అన్ని మెట్లూ అయిపోయాక ‘కంప్లీషన్ ఆఫ్ ప్రొసీజర్స్’ అనే లెటర్ ఇస్తారు. ఇంగ్లండ్, వేల్స్‌లో అయితే ఆ లెటర్ తేదీ నుంచి 12 నెలల్లోపు ఓఐఏ అనే స్వతంత్ర సంస్థకి వెళ్లొచ్చు. స్టూడెంట్‌కి పైసా ఖర్చు లేదు.

గుర్తుంచుకోవాల్సినవి నాలుగే:

• చేరిన మొదటి వారంలోనే మీ కోర్సు రూల్స్‌లో పాస్ మార్కు, కంపెన్సేషన్, రీసిట్ క్యాప్ ఎలా ఉన్నాయో చూసుకోండి.

• ఇంట్లో కష్టం వచ్చినా, మీకు ఒంట్లో, మనసులో బాగోకపోయినా గడువులోపు ఫారం నింపండి. మన హాస్పిటళ్ల డిశ్చార్జ్ సమ్మరీ ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. వాట్సాప్‌లో స్కాన్ తెప్పించుకుని జత చేయండి.

• సాయం కావాలంటే స్టూడెంట్స్ యూనియన్ సలహా కేంద్రానికి వెళ్లండి. ఫ్రీ. అప్పీల్ రాసిపెడతామని డబ్బులడిగే ఏజెంట్ల జోలికి పోవద్దు.

• రీసిట్ పడితే ఆ రోజే వీసా టీమ్‌కి మెయిల్ పెట్టండి.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అమ్మకి కనీసం మీ ముఖం కనిపిస్తుంది. బోర్డుకి కనిపించేది ఒక నంబరు, దాని పక్కన ఒక గడి. ఆ గడి ఖాళీగా ఉండాలా, నిండాలా అన్నది మీ చేతుల్లోనే ఉంది.