రంగు కింది రేకు: జాగ్వార్ ఈ-టైప్ కథ

వేలానికి ముందు బండ్లను దగ్గరగా చూసుకోనిస్తారు. తళతళలాడే జాగ్వార్ ఈ-టైప్ పక్కన నిలబడి ఫొటోలు దిగేవాళ్లు దిగుతుంటారు. కొనడానికి వచ్చిన మనిషి మాత్రం టార్చి పట్టుకుని నేల మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరతాడు. ఈ కారుకు వచ్చే జబ్బుల్లో చాలావరకు అడుగుభాగంలోనే మొదలవుతాయి. అందుకు కారణం అది పుట్టిన తీరులోనే ఉంది.

ఇంగ్లాండులోని కోవెంట్రీ నగరంలో, బ్రౌన్స్ లేన్ అనే చోట జాగ్వార్ కర్మాగారం ఉండేది. 1955, 56, 57లలో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందేన్ని వరసగా మూడుసార్లు గెలిచిన డీ-టైప్ జాగ్వార్ తయారు చేసిన కారే. దానికీ, తర్వాత ఈ-టైప్‌కూ రూపం ఇచ్చిన మాల్కమ్ సేయర్ అంతకుముందు బ్రిస్టల్ విమానాల కంపెనీలో పనిచేశాడు. కారు వంపులను కంటి అందాజాతో గీయకుండా, లాగరిథమ్ పట్టికలు ముందు పెట్టుకుని ఒక్కో బిందువునూ లెక్కగట్టేవాడు. గాలిని తక్కువ ప్రతిఘటనతో చీల్చుకు వెళ్లే ఆకారం కోసమే ఆ లెక్కలు. అందం వాటి వెంటే వచ్చింది.

విమానాల నుంచి సేయర్ తెచ్చుకున్న మరో పాఠం ఇంకా ముఖ్యమైంది. అప్పట్లో చాలా స్పోర్ట్స్ కార్లకు కింద బరువైన ఇనుప ఛాసిస్ ఉండేది, బాడీని దాని మీద కూర్చోబెట్టి బిగించేవాళ్లు. విమానంలో అలా కాదు, పై రేకే బరువు మోస్తుంది. ఖాళీ చెప్పుల అట్టపెట్టెను మూత తీసి రెండు చేతులతో మెలిపెడితే తేలిగ్గా వంకర పోతుంది. మూత పెట్టి చుట్టూ టేపు అంటించి మెలిపెడితే మొరాయిస్తుంది. అట్ట మందం పెరగలేదు, పెట్టె మూసుకుందంతే. ఈ-టైప్‌లో మనుషులు కూర్చునే భాగమంతా ఇలా మూసిన ఉక్కు పెట్టెల కూర్పే. తలుపుల కింద పొడవునా సాగే సిల్స్, నేల, అడ్డంగా వచ్చే పెట్టెలు అన్నీ పల్చటి రేకును మడిచి వెల్డింగ్ చేసినవి. దీని ముందుభాగంలో సన్నటి చదరపు గొట్టాల చట్రం ఒకటి బోల్టులతో బిగించి ఉంటుంది. ఇంజన్‌ను మోసేది అదే.

ఆ ఇంజన్‌కూ ఒక కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో కోవెంట్రీ మీద బాంబులు పడుతున్న రోజుల్లో, మంటలు లేస్తే కనిపెట్టడానికి రాత్రిళ్లు కర్మాగారంలో కాపలా కాసేవాళ్లు. ఆ కాపలాలో కూర్చుని జాగ్వార్ అధిపతి విలియం లయన్స్, ఆయన ఇంజనీర్లు హేన్స్, హాసన్, బెయిలీ యుద్ధం తర్వాత చేయాల్సిన ఇంజన్ గురించి చర్చించుకున్నారు. అలా రూపుదిద్దుకున్న ఎక్స్‌కే ఇంజన్ 1948లో బయటికొచ్చింది. ఆరు సిలిండర్లు, అల్యూమినియం హెడ్డు, దాని మీద రెండు క్యామ్ షాఫ్టులు. ఈ-టైప్‌కు వచ్చేసరికి దాని సామర్థ్యం 3.8 లీటర్లకు పెరిగింది, మూడు కార్బ్యురేటర్లు తోడయ్యాయి. కంపెనీ చెప్పుకున్న శక్తి 265 హార్స్‌పవర్.

1961 మార్చిలో జెనీవా ప్రదర్శనలో కారును లోకానికి చూపించారు. నడిపి చూస్తామని వచ్చినవాళ్లు ఎక్కువైపోయి ఒక్క బండి చాలలేదు. ఇంకోటి పంపమని కోవెంట్రీకి కబురు వెళ్లింది. టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్ రాత్రికి రాత్రి బండి తోలుకుని మర్నాడు జెనీవా చేరాడు. పత్రికల పరీక్షల్లో ఈ-టైప్ గంటకు 150 మైళ్లు, అంటే సుమారు 240 కిలోమీటర్ల వేగం అందుకుంది. పరీక్షకు ఇచ్చినవి ప్రత్యేకంగా సిద్ధం చేసిన బండ్లు కాబట్టి మామూలు కొనుగోలుదారుడికి అంత వేగం దక్కేది కాదు. అయినా ధర చూసి జనం ఆశ్చర్యపోయారు. పన్నుతో కలిపి రమారమి 2,100 పౌన్లు. ఆస్టన్ మార్టిన్ డీబీ4కు అందులో దాదాపు రెట్టింపు పెట్టాలి.

చవగ్గా చేయాలంటే ఎక్కడో ఒకచోట పొదుపు తప్పదు. ఆ రోజుల్లో రేకుకు తుప్పు పట్టకుండా చేసే ఏర్పాట్లు అంతంతమాత్రం. చలికాలంలో మంచు కరగడానికి బ్రిటన్ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు సిల్స్‌లోకి చేరితే తొందరగా ఆరవు. కారుకు గట్టిదనం ఇచ్చిన మూసిన పెట్టెలనే తుప్పు లోపల్నుంచి తినేయడం మొదలవుతుంది, పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. విడి ఛాసిస్ ఉన్న కారులో బాడీ తుప్పు పడితే అందం పోతుంది. ఈ-టైప్‌లో సిల్స్ తుప్పు పడితే నడుమే విరుగుతుంది. బాడీ కొద్దిగా కుంగగానే తలుపుకూ దాని చట్రానికీ మధ్య సందు ఒక చివర వెడల్పుగా, ఇంకో చివర ఇరుగ్గా మారుతుంది. అందుకే అనుభవమున్నవాడు ముందు తలుపు తీసి, వేసి, ఆ సందును చూస్తాడు.

బాగుచేసే షెడ్డులో అసలు పని ఇక్కడే. కుళ్లిన సిల్స్ కోసే ముందు తలుపులుండే ఖాళీల్లో ఇనుప కడ్డీలు అడ్డంగా వెల్డింగ్ చేసి బాడీ కదలకుండా నిలబెడతారు. ఆ జాగ్రత్త తీసుకోకుండా కోస్తే బాడీ వంకర పోతుంది, ఆ తర్వాత ఏ తలుపూ కుదరదు. వెనక బ్రేకు డిస్కులు చక్రాల దగ్గర కాక నడిమధ్యలో, వెనక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌కు అతుక్కుని ఉంటాయి. చక్రాల వైపు బరువు తగ్గితే గతుకుల్లో టైరు నేలను వదలదని అలా పెట్టారు. డ్రైవరుకు అది సుఖం, విప్పాల్సిన మెకానిక్‌కు నరకం. పల్చటి గొట్టాల ముందు చట్రం కూడా లోపల్నుంచి తుప్పు పడుతుంది కాబట్టి చాలాసార్లు కొత్తది చేయించి బిగిస్తారు.

మసిపూసి మారేడుకాయ చేసేవాళ్లూ ఉన్నారు. సొట్టలు, చిల్లులు లప్పంతో పూడ్చి పైన రంగు కొడతారు. దాన్ని పట్టుకోవడానికి చిన్న అయస్కాంతం చాలు, ఉక్కు మీద అతుక్కుంటుంది, లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది. అయితే ఈ-టైప్ విషయంలో ఇక్కడో మెలిక ఉంది. కర్మాగారంలోనే రేకుల అతుకులను సీసంతో నింపి నునుపు చేసేవాళ్లు. సీసానికీ అయస్కాంతం అతుక్కోదు. కాబట్టి జారినచోటల్లా మోసం ఉన్నట్టు కాదు, ఆ చోటు ఫ్యాక్టరీ అతుకో కాదో తెలిసి ఉండాలి.

బండి గుర్తింపు సంగతి ఇంకా చిక్కు. ఇంజన్ గదిలో ఉండే చిన్న పలక మీద ఛాసిస్, ఇంజన్, గేర్‌బాక్సు, బాడీల నంబర్లు నాలుగూ చెక్కి ఉంటాయి. అవి కంపెనీ రికార్డులతో సరిపోతే ధర పెరుగుతుంది. కానీ ఛాసిస్ నంబరు కొట్టి ఉండేది బోల్టులతో బిగించే ఆ ముందు చట్రం మీదే. చట్రం కొత్తదైతే నంబరు మళ్లీ కొట్టాలి. అప్పుడు అది అదే కారా?

ఇలాంటి ప్రశ్న మీద లండన్ హైకోర్టు 1990లో తీర్పు చెప్పింది. 1929, 1930లలో లె మాన్ గెలిచిన బెంట్లీ ‘ఓల్డ్ నంబర్ వన్’ అమ్మకం మీద వచ్చిన తగవు అది. ఏళ్ల తరబడి భాగాలు మారుతూ వచ్చినా కారు చరిత్ర ఎక్కడా తెగలేదు కాబట్టి ఆ పేరు దానిదేనని న్యాయమూర్తి అన్నారు. జాగ్వార్ దగ్గర ఇదే ప్రశ్న మరో రూపంలో వచ్చింది. పందేల కోసం అల్యూమినియంతో 18 లైట్‌వెయిట్ ఈ-టైప్‌లు చేయాలనుకుని 1960లలో 12తో ఆపేశారు. మిగిలిపోయిన ఆరు నంబర్లతో కొత్తగా ఆరు కార్లు తయారు చేస్తున్నట్టు కంపెనీ 2014లో ప్రకటించింది. అసలు పన్నెండింటిలో, పెద్దగా మార్పుల్లేకుండా మిగిలిన ఒకటి మాత్రం 2017లో అమెరికాలోని అరిజోనాలో జరిగిన వేలంలో 70 లక్షల డాలర్లు దాటింది.

మామూలు ఈ-టైప్‌లు 1970ల నడిమి దాకా 72 వేల పైచిలుకు తయారయ్యాయి, కాబట్టి అరుదనం ఒక్కటే వాటికి ధర తేదు. పనితనం తేవాలి. వేలంపాటలో సుత్తి పడిన ధర మీద కొన్నవాడు వేలం సంస్థకు కమిషన్ కూడా కట్టాలి. అది కలుపుకున్నా, తుప్పు బండి కొని పద్ధతిగా బాగుచేయించడం కంటే బాగుచేసినదాన్ని కొనడమే చాలాసార్లు చవక. వందల గంటల కూలి అంతా వేలంలో తిరిగి రాదు, ఆ నష్టం బాగుచేయించినవాడే భరిస్తాడు. కాకపోతే కొనేవాడు ఒకటి అడగాలి. రంగు మొత్తం గీకేశాక, సిల్స్ కోసినప్పుడు, కొత్త రేకు అతికినప్పుడు తీసిన ఫొటోలు, షెడ్డు బిల్లులు వరసగా ఉన్నాయా? అవి ఉంటే పాట పెంచవచ్చు. మెరిసే ఫొటోలు మాత్రమే చూపిస్తే చెయ్యి ఎత్తకపోవడమే మేలు.