కుర్రాళ్లను నమ్ముకున్న క్లబ్: హైదరాబాద్‌లో గెలిచి ఎందుకు నిలవలేదు, రొమేనియాలో ఎలా నిలిచింది?

న్యాల్‌కల్ (జహీరాబాద్): సాయంత్రం స్కూల్ వదిలాక మన ఊళ్ల మైదానాల్లో ఎక్కువగా కనిపించేది క్రికెట్టే. ఫుట్‌బాల్ ఆడతానని ఏ పిల్లాడైనా అంటే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "దానితో ఏమొస్తది?" ప్రశ్నలో తప్పేమీ లేదు. చదువు మీద పెట్టాల్సిన టైం, బస్సు చార్జీలు, బూట్ల ఖర్చు అన్నీ తల్లిదండ్రుల లెక్కలోకి వస్తాయి. అయితే జవాబు పిల్లాడి ప్రతిభ ఒక్కదానితోనే తేలదు. అతన్ని చేర్చుకునే క్లబ్ ఎలా నడుస్తోందన్నది కూడా అంతే ముఖ్యం. ఈ సంగతి తెలియాలంటే రెండు కొత్త క్లబ్బుల కథ చూడాలి. ఒకటి మన హైదరాబాద్‌ది, ఇంకొకటి నల్ల సముద్రం ఒడ్డున ఉన్న రొమేనియాది. రెండూ కుర్రాళ్లను నమ్ముకునే పైకి వచ్చాయి. రెండూ తమ దేశంలో పెద్ద టైటిల్ గెలిచాయి. ఆ తర్వాత మాత్రం దారులు వేరయ్యాయి.

అట్టడుగు నుంచి కప్పు దాకా

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం దాని సొంత మైదానం. ఇండియన్ సూపర్ లీగ్‌లో మొదటి సీజన్ చేదుగా గడిచింది. 18 మ్యాచ్‌లలో రెండే విజయాలు, 10 పాయింట్లు, పట్టికలో చిట్టచివరి స్థానం.

2020లో స్పెయిన్‌కు చెందిన మనోలో మార్క్వెజ్ కోచ్‌గా వచ్చాడు. పేరున్న భారత ఆటగాళ్ల వెంట పడకుండా, పెద్దగా ఎవరికీ తెలియని కుర్రాళ్లను వరుసగా మ్యాచ్‌లలో దింపాడు. ఉత్తరప్రదేశ్ కుర్రాడు ఆకాశ్ మిశ్రా ఆ సీజన్ మొదలయ్యేసరికి ఇంకా 19 ఏళ్లు నిండనివాడు. సిక్కిం నుంచి ఆశిష్ రాయ్, గోవా నుంచి లిస్టన్ కొలాకో, మణిపూర్ నుంచి మహమ్మద్ యాసిర్, చింగ్లెన్‌సానా సింగ్ ఈ జట్టులోనే వెలుగులోకి వచ్చారు. ఒక మ్యాచ్‌లో తప్పు చేసిన కుర్రాడు తర్వాతి మ్యాచ్‌లో కూడా ఆడేవాడు. యువ ఆటగాడికి కావాల్సిన అసలు శిక్షణ అదే. ప్రాక్టీస్‌లో ఎంత నేర్చుకున్నా, నిజం మ్యాచ్‌లో గడిపే నిమిషాలు నేర్పేది వేరు.

ఫలితం తొందరగానే వచ్చింది. 2020-21లో జట్టు ఐదో స్థానానికి ఎగబాకింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. చివరి నిమిషాల్లో సాహిల్ తవోరా కొట్టిన గోల్‌తో స్కోరు 1-1 అయింది. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపాడు. 3-1తో కప్పు హైదరాబాద్‌కు వచ్చింది. పుట్టిన మూడో సీజన్‌లోనే ఛాంపియన్! మరుసటి సీజన్‌లో కూడా లీగ్ పట్టికలో రెండో స్థానం దక్కింది.

ఆ తర్వాత జరిగింది వేరు. ఆటగాళ్లకు జీతాలు సరిగా అందకుండా పోయాయి. బకాయిల గొడవలు పైదాకా వెళ్లాయి. మార్క్వెజ్ వెళ్లిపోయాడు. కుర్రాళ్లు ఒక్కొక్కరే వేరే క్లబ్బులకు మారారు. 2023-24లో 22 మ్యాచ్‌లు ఆడితే ఒక్కటే గెలుపు, 8 పాయింట్లు, మళ్లీ చిట్టచివరి స్థానం. 2024లో యాజమాన్యం మారింది. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. కప్పు గెలిచిన మూడేళ్లకే హైదరాబాద్ ఆ జట్టును పోగొట్టుకుంది.

ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఆ జట్టును నిలబెట్టిన కుర్రాళ్లలో ముఖ్యమైన పేర్లన్నీ బయటి రాష్ట్రాలవే. వాళ్లు ఆట నేర్చుకున్నది కూడా బయటే. క్లబ్ వాళ్లకు మంచి అవకాశం ఇచ్చింది, కానీ పదేళ్ల వయసు నుంచి పెంచలేదు. ఒకరు వెళ్లిపోతే వెనక నుంచి ఇంకొకరు వచ్చే వరుస తయారు కాకముందే డబ్బు కష్టాలు వచ్చిపడ్డాయి.

"భవిష్యత్తు" అని పేరు పెట్టుకున్న క్లబ్

ఇప్పుడు రొమేనియా సంగతి. ఆ దేశంలో కాన్‌స్టాంట్సా అనే ఓడరేవు నగరం ఉంది. 1878 దాకా ఆ ప్రాంతం ఉస్మానియా సల్తనత్ కింద ఉండేది. తుర్కులు, తాతార్లు ఇప్పటికీ అక్కడ ఉంటున్నారు. నగరం నడిమధ్యన రాజు మొదటి కరోల్ కాలంలో కట్టిన పెద్ద మసీదు ఉంది. రొమేనియా ఫుట్‌బాల్‌లో అందరికన్నా గొప్పవాడిగా చెప్పుకునే గియోర్గే హాజీ ఆ ప్రాంతం వాడే. 1994 ప్రపంచ కప్‌లో తన దేశాన్ని క్వార్టర్ ఫైనల్‌కు చేర్చాడు. రియల్ మాడ్రిడ్‌కు, బార్సిలోనాకు, తుర్కియేలోని గలతసరాయ్‌కు ఆడాడు.

2009లో హాజీ ఊరి దగ్గరే ఓవిడియు అనే చిన్న పట్టణంలో క్లబ్, దానితో పాటే అకాడమీ నడపడం మొదలుపెట్టాడు. క్లబ్ పేరు వీటోరుల్. రొమేనియన్ భాషలో ఆ మాటకు అర్థం భవిష్యత్తు. మూడో డివిజన్‌లో మొదలైన జట్టు 2010లో రెండో డివిజన్‌కు, 2012లో అగ్ర డివిజన్‌కు చేరింది. మొదట్లో అక్కడ ఓటములు తప్పలేదు. అయినా హాజీ పద్ధతి మార్చలేదు. అకాడమీలో పెరిగిన పిల్లలనే పెద్ద జట్టులో ఆడించాడు. 2014 నుంచి తానే కోచ్‌గా నిలబడ్డాడు.

2016-17 సీజన్ చివర్లో, రాజధాని బుకారెస్ట్‌లోని బలమైన ఎఫ్‌సీఎస్‌బీతో పాయింట్లు సమానమయ్యాయి. ఆ రెండు జట్ల మధ్య జరిగిన మ్యాచ్‌ల ఫలితాలు వీటోరుల్ వైపు ఉండడంతో టైటిల్ దానికే దక్కింది. పుట్టి ఎనిమిదేళ్లయినా కాలేదు. 2019లో రొమేనియా కప్ కూడా గెలిచింది. 2021లో అదే నగరంలోని పాత క్లబ్ ఫారుల్‌తో కలిసిపోయింది. ఆ కలిసిన జట్టు 2022-23లో మళ్లీ దేశ ఛాంపియన్ అయింది.

మధ్యలో ఎంతోమంది ఆటగాళ్లు వెళ్లిపోయారు. రాజ్వాన్ మారిన్ బెల్జియంకు, అక్కడి నుంచి నెదర్లాండ్స్‌లోని అయాక్స్‌కు వెళ్లాడు. హాజీ కొడుకు యానిస్ ఇటలీ, బెల్జియం, స్కాట్లాండ్ క్లబ్బులకు ఆడాడు. 2024 యూరో కప్‌లో రొమేనియా తన గ్రూప్‌లో మొదటి స్థానంలో నిలిచినప్పుడు ఈ ఇద్దరూ ఆ జట్టులో ఉన్నారు. మంచి ఆటగాళ్లు పోతున్నా క్లబ్ మాత్రం కూలిపోలేదు. ఎందుకు?

డబ్బు ఎలా తిరిగొస్తుంది?

కుర్రాళ్లను పెంచే క్లబ్బుకు టికెట్ల డబ్బు సరిపోదు. అది ఎక్కువగా బతికేది ఆటగాళ్లను పెద్ద క్లబ్బులకు ఇచ్చినప్పుడు వచ్చే ట్రాన్స్‌ఫర్ డబ్బుతో. ఆ డబ్బు మళ్లీ మైదానాలకు, కోచ్‌లకు, హాస్టల్‌కు వెళ్తే తర్వాతి వరుస తయారవుతుంది. రైతు పంట అమ్మిన డబ్బులోంచి విత్తనాలకు తీసి పెట్టుకోవడం లాంటిదే ఇది. విత్తనాల డబ్బు కూడా ఖర్చయిపోతే వచ్చే ఏడాది పొలం బీడే.

చాలామందికి తెలియని నియమం ఇంకొకటుంది. ఒక ఆటగాడు ఒప్పందం మధ్యలో ఒక దేశపు క్లబ్ నుంచి ఇంకో దేశపు క్లబ్‌కు అమ్ముడైతే, ఆ ధరలో 5 శాతం అతన్ని 12 నుంచి 23 ఏళ్ల మధ్య పెంచిన క్లబ్బులకు పంచాలి. ఇది ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నియమం. 12 నుంచి 15 ఏళ్ల మధ్య ఒక్కో ఏడాదికి ధరలో 0.25 శాతం, 16 నుంచి 23 మధ్య ఒక్కో ఏడాదికి 0.5 శాతం.

లెక్క వేసి చూద్దాం. ఒక కుర్రాడు 12వ ఏట నుంచి 15వ ఏట దాకా నాలుగేళ్లు ఒక చిన్న క్లబ్‌లో ఆడాడు అనుకుందాం. తర్వాత ఎప్పుడో విదేశీ క్లబ్ అతన్ని 10 కోట్ల రూపాయలకు కొంటే, ఆ చిన్న క్లబ్‌కు 1 శాతం, అంటే 10 లక్షలు రావాలి. అయితే ఆ నాలుగేళ్లూ అతని పేరు ఆ క్లబ్‌లో అధికారికంగా నమోదై ఉండాలి. కాగితం లేకపోతే పైసా రాదు. ఊళ్లో నేర్పినవాడికి పేరూ దక్కదు, డబ్బూ దక్కదు.

హైదరాబాద్‌కు ఇది కొత్త కాదు

కుర్రాళ్లను పెంచి జట్టు కట్టడం మన దగ్గర ఎప్పుడో జరిగింది. స్కూల్ టీచర్ అయిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా పనిచేశారు. రెండో కాలితో కూడా ఆడడం రావాలని పిల్లలకు బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు పెట్టేవారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. తులసీదాస్ బలరామ్, యూసుఫ్ ఖాన్, ఆ తర్వాతి తరంలో మహమ్మద్ హబీబ్, షబ్బీర్ అలీ ఈ నగరం నుంచే వెళ్లారు.

అప్పట్లో ట్రాన్స్‌ఫర్ కోట్లు లేవు. కానీ పోలీస్ శాఖ లాంటి సంస్థల్లో ఉద్యోగం ఉండేది. బాగా ఆడితే ఇంటికి జీతం వచ్చేది. తల్లిదండ్రులకు అదే భరోసా. 1963లో రహీమ్ సాబ్ కన్నుమూశారు. మెల్లగా సంస్థల జట్లు తగ్గాయి, ఉద్యోగాలు తగ్గాయి, జనం మనసు క్రికెట్ వైపు మళ్లింది. పాత భరోసా పోయింది. దాని స్థానంలో కొత్తది గట్టిగా నిలబడలేదు.

ఇప్పుడు ఏముంది?

హైదరాబాద్ ఎఫ్‌సీ పోయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2015లో మొదలైన శ్రీనిధి క్లబ్ శ్రీనిధి డెక్కన్ పేరుతో 2021-22లో ఐ-లీగ్‌లో అడుగుపెట్టింది. మొదటి సీజన్‌లోనే మూడో స్థానం, ఆ తర్వాత రెండు సీజన్లూ రెండో స్థానం. నగర శివారులోని అజీజ్‌నగర్‌లో దానికి డెక్కన్ అరీనా అనే సొంత మైదానం ఉంది. సొంత మైదానం చిన్న విషయం కాదు. పిల్లలు రోజూ ఆడాలంటే ముందు కావాల్సింది అదే.

ఆడపిల్లల్లో నిజామాబాద్ జిల్లాకు చెందిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఎదిగింది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు ఆడడానికి వెళ్లింది. చిన్న ఊరు అడ్డంకి కాదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

తల్లిదండ్రులు అడగాల్సినవి

పిల్లాడిని గానీ పాపను గానీ ఏ అకాడమీలోనైనా చేర్చే ముందు కొన్ని ప్రశ్నలు అడిగి తీరాలి.

మొదటిది, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య రిజిస్ట్రేషన్‌లో పిల్లల పేరు ఎక్కిస్తారా? ఇందుకు జనన ధ్రువపత్రం సరిగ్గా ఉండాలి. స్కూల్ రికార్డులో ఒక తేదీ, ఆధార్‌లో ఇంకో తేదీ ఉంటే ముందే సరిచేయించుకోవాలి. వయసు తగ్గించి ఆడిస్తామనే వారి మాట అసలే వినకూడదు. పట్టుబడితే నష్టపోయేది పిల్లాడే.

రెండోది, ఏడాదికి ఎన్ని నిజమైన మ్యాచ్‌లు ఆడిస్తారు? ఫీజు తీసుకుని ప్రాక్టీస్ మాత్రమే చేయించే చోట పిల్లలు ఒక స్థాయి దగ్గరే ఆగిపోతారు.

మూడోది, చదువు సంగతేంటి? అకాడమీలో చేరిన పిల్లల్లో ప్రొఫెషనల్ ఆటగాళ్లయ్యేది ఎక్కడైనా కొద్దిమందే. మిగతావాళ్లకు చదువే ఆధారం. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్‌లో నాలుగో తరగతిలో చేర్చుకుంటారు, ఎంపికలు మండల స్థాయి నుంచే మొదలవుతాయి. అక్కడ చదువు, ఆట రెండూ కలిసి ఉంటాయి. ఏ ఆటలో శిక్షణ ఇస్తారో దరఖాస్తుకు ముందే కనుక్కోవాలి.

నాలుగోది, "మీవాడిని యూరప్ పంపిస్తాం, ఇన్ని లక్షలు కట్టండి" అనేవారితో జాగ్రత్త. 18 ఏళ్లు నిండని ఆటగాడు ఒక దేశం నుంచి ఇంకో దేశపు క్లబ్‌కు మారడాన్ని ఫిఫా మామూలుగా ఒప్పుకోదు. కొన్ని మినహాయింపులే ఉన్నాయి. డబ్బు కట్టించుకుని మైనర్లను విదేశీ క్లబ్‌లో చేరుస్తామనే మాట వినగానే అనుమానించాలి.

హాజీ కట్టిన క్లబ్ నిలబడడానికి మూడు కారణాలు కనిపిస్తాయి. చిన్న వయసు నుంచే సొంత అకాడమీలో పెంచడం, పెద్ద జట్టులో నిజంగా ఆడనివ్వడం, ఆటగాళ్లు వెళ్లినప్పుడు వచ్చిన డబ్బును మళ్లీ పిల్లల మీదే పెట్టడం. హైదరాబాద్ ఎఫ్‌సీ రెండోది అద్భుతంగా చేసింది. మొదటిదీ మూడోదీ లేక ఆగిపోయింది. "దానితో ఏమొస్తది?" అని అడిగే ఇంట్లో ఇకమీదట ఆ ప్రశ్నను పిల్లాడి కన్నా ముందు అకాడమీ వాళ్లను అడగడం మంచిది. ఈ మూడింటికీ కాగితాల మీద జవాబు చూపించగలిగే చోట పిల్లాడి సాయంత్రాలు వృథా పోవు.