నీళ్లు, బ్రేకు ఆయిల్ చూసుకుంటేనే పాత కాంటెస్సా పదిలం

హిమాయత్‌నగర్ : ఒకప్పుడు వాకిట్లో కాంటెస్సా కారు నిలిచిందంటే ఆ ఇంటి హోదాయే వేరు. హిందుస్థాన్ మోటార్స్ వారు 1984లో దీనిని తెచ్చారు. 2002లో తయారీ ఆపేశారు. అంటే చిట్టచివరి బండికి కూడా ఇరవై ఏళ్లు దాటాయి. అయినా మోజు తీరక కొని, బాగు చేయించి నడిపేవారు ఇప్పటికీ ఉన్నారు. మొయినాబాద్, చేవెళ్ల పల్లెల్లో ఇటువంటి బండి ఉన్నవారు, కొనదలచినవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చిన్న మరమ్మతును వాయిదా వేస్తే పెద్ద ఖర్చు నెత్తిన పడుతుంది. ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది.

తొలి కాంటెస్సాలకు అంబాసిడర్‌లోని 1500 సీసీ ఇంజనే అమర్చారు. బరువైన బండిని లాగడం దానికి భారమైంది. తర్వాత వచ్చిన కాంటెస్సా క్లాసిక్‌లో జపాన్‌కు చెందిన ఇసుజు 1800 సీసీ ఇంజను పెట్టారు. ఆ ఇంజనును అంబాసిడర్‌కూ వాడినందున ఇంజను సామాన్లు వెతికితే దొరుకుతాయి. అద్దాలు, లైట్లు, తలుపు పిడుల వంటివి దొరకడమే కష్టం.

నీళ్లు మరిగితే

ఎండాకాలంలో ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఇంజను వేడెక్కడం. వికారాబాద్ దాటి అనంతగిరి గుట్ట ఎక్కేటప్పుడు ఈ లోపం ఇట్టే బయటపడుతుంది. రేడియేటర్‌లో ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోస్తే లోపలి గొట్టాలకు సున్నం పట్టి నీరు తిరగదు. ఫ్యాను బెల్టు వదులైనా, థర్మోస్టాట్ బిగుసుకుపోయినా ఇంతే. కూలెంటు కలిపిన శుద్ధమైన నీటినే పోయాలి.

మీటరు ముల్లు పైకి పోతే వెంటనే బండి ఆపాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయరాదు. లోపల ఒత్తిడితో ఉన్న మరిగే నీరు మొహం మీదికి చిమ్ముతుంది. కనీసం అరగంట ఆగాలి. కాలుతున్న ఇంజనులో చన్నీళ్లు పోస్తే హెడ్ పగిలే ప్రమాదముంది. ఇంజను ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగుకు మారినా, సైలెన్సరు నుంచి తెల్లటి ఆవిరి ఆగకుండా వస్తున్నా హెడ్ గ్యాస్కెట్ పోయిందని అనుమానించాలి. అలాగే నడిపితే ఇంజను మొత్తం విప్పక తప్పదు.

బ్రేకు మెత్తబడితే

బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ ఘాటు రోడ్డు దిగేటప్పుడు వేడికి ఆవిరై, బ్రేకు అందకుండా పోతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్పించాలి. పెడల్‌ను రెండు మూడు సార్లు తొక్కితేనే బ్రేకు పడుతుంటే పైపుల్లో గాలి చేరి ఉండవచ్చు. తొక్కిపట్టినా పెడల్ మెల్లగా దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ రబ్బర్లు అరిగినట్టే. చక్రం లోపలి వైపు తడిగా కనిపిస్తే వీల్ సిలిండర్ చూపించాలి. బ్రేకు ఆయిల్ బదులు ఇంజను ఆయిల్ పోయకూడదు. రబ్బర్లు ఉబ్బి బ్రేకులు పనిచేయవు. గుట్ట దిగేటప్పుడు తక్కువ గేరులో దిగితే బ్రేకులపై భారం తగ్గుతుంది.

పెట్రోలు, కరెంటు

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. పాత బండ్ల రబ్బరు పైపులు, కార్బొరేటర్ వాషర్లు దీనికి తగినట్టు చేసినవి కావు. అవి ఉబ్బి, పగిలి పెట్రోలు కారితే నిప్పంటుకునే ప్రమాదముంది. ఇథనాల్‌ను తట్టుకునే కొత్త పైపులు వేయించుకోవడం మంచిది. బండి దగ్గర పెట్రోలు వాసన వస్తే స్టార్టు చేయకుండా మెకానిక్‌ను పిలవాలి.

ధాన్యం బస్తాల పక్కన బండి నిలిపితే ఎలుకలు చేరి వైర్లు కొరుకుతాయి. వారానికోసారి బానెట్ ఎత్తి చూడాలి. ఫ్యూజు పోతే దాని బదులు రాగి తీగ చుట్టడం ప్రమాదకరం. వైరింగ్ కాలి బండే దగ్ధం కావచ్చు. స్టార్టరు టక్‌మని ఊరుకుంటే ముందు బ్యాటరీ టెర్మినళ్లపై పట్టిన తెల్లటి పొడిని శుభ్రం చేసి చూడాలి.

కొనేముందు

పైన రంగు చూసి మోసపోకూడదు. కాళ్ల కింద పరిచిన మ్యాటు ఎత్తి నేలరేకు, జాకీ పెట్టే చోట్లు, చక్రాల పైభాగం తుప్పు పట్టాయేమో చూడాలి. ఇంజను పని కన్నా టింకరింగ్ ఖర్చే ఎక్కువ కావచ్చు. 15 ఏళ్లు దాటిన సొంత కారుకు ఫిట్‌నెస్ చూపించి, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆర్.సి. గడువు తీరిన బండికి బయానా ఇచ్చేముందు రవాణా శాఖ కార్యాలయంలో విచారించుకోవడం మేలు.