పచ్చి గుడ్డా? ఉడికిన గుడ్డా?



పచ్చి గుడ్లూ ఉడికిన గుడ్లూ కలిసిపోతే మన వంటమనిషి పెంకు పగలగొట్టి చూడడు. పళ్ళెంలో వేసి తిప్పుతాడు. ఉడికింది గిరగిరా తిరుగుతుంది. పచ్చిది తడబడుతుంది. ఎందుకంటే లోపలి సొన పెంకుతో కలిసి తిరగదు. పరమాణు కేంద్రకం లోపల ఏముందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు చేసే పనీ దాదాపు ఇదే. కాకపోతే ఆ గుడ్డు కంటికి కనపడదు.

కనపడని దాన్ని తిప్పడమెలా? దిల్‌సుఖ్‌నగర్ బస్‌స్టాపు రద్దీలో ఎదురొచ్చేవాడి భుజం మన భుజానికి తగిలితే గిర్రున తిరుగుతాం. కేంద్రకాన్నీ అలాగే పక్కవాటుగా కొట్టాలి. 1986లో ఇంగ్లండులోని డేర్స్‌బరీలో పీటర్ ట్విన్ బృందం కాల్షియం-48 కేంద్రకాలను వేగంగా పంపి పల్లాడియం-108 మీద కొట్టింది. రెండూ కలిసిపోయి, నాలుగు న్యూట్రాన్లను వదిలేసి, డిస్ప్రోసియం-152 మిగిలింది. అది సెకనుకు 1 పక్కన 20 సున్నాలు పెట్టినన్ని చుట్లు తిరిగే వేగం. తిరిగేది సెకనులో లక్ష కోట్లవ వంతు కూడా కాదనుకోండి, అంతలోనే కోట్ల చుట్లు!

మన హాలులో ఫ్యాను ఆపితే మెల్లగా, ఎక్కడా తెగకుండా వేగం తగ్గుతుంది. కేంద్రకం అలా కాదు, రెగ్యులేటర్ తిప్పినట్టు టక్కు టక్కున మెట్లు దిగుతుంది. మధ్య వేగాలుండవు. ఒక్కో మెట్టు దిగినప్పుడు ఒక గామా కిరణాన్ని వదులుతుంది. వేగం ఎక్కువుంటే కిరణం శక్తి ఎక్కువ, తగ్గేకొద్దీ తక్కువ. ట్విన్ బృందానికి అలాంటి 19 కిరణాలు నిచ్చెన మెట్లలా వరుసగా దొరికాయి. మెట్టుకూ మెట్టుకూ తేడా సుమారు 47 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు.

అసలు కబురు ఆ తేడాలోనే ఉంది. ఇంటర్‌లో చదివిన జడత్వ భ్రామకం గుర్తుందా? అది పెరిగితే మెట్ల మధ్య తేడా తగ్గుతుంది. దాదాపు అంతే బరువున్న ఎర్బియం-166 నెమ్మదిగా తిరిగేటప్పుడు వదిలే కిరణాలు 80.6, 184.4, 280.5. అంటే తేడా 100 దరిదాపు. డిస్ప్రోసియంలో సగానికి తగ్గిందంటే జడత్వ భ్రామకం రెండింతలైందన్నమాట. కారణాలు రెండు. ఒకటి, ఆ కేంద్రకం వెడల్పుకు రెండింతలు పొడవుగా సాగింది. (నున్నని గోళంలా ఉంటే ఈ నిచ్చెనే రాదు.) రెండు, జతలు. నెమ్మదిగా తిరిగే కేంద్రకంలో ప్రోటాన్లూ న్యూట్రాన్లూ జతలు కట్టి ఉంటాయి. అవన్నీ ఆకారంతో పాటు తిరగవు. అది పచ్చి గుడ్డు. వేగం పెరిగితే జతలు విడిపోతాయి, గుడ్డు ఉడికినట్టవుతుంది. 1971లో స్టాక్‌హోంలో జాన్సన్, రైడ్, షటార్కియర్ డిస్ప్రోసియం-160లో జత విడిపోయే ఘడియనే పట్టుకున్నారు. కిరణం శక్తి అక్కడ పెరగాల్సినంత పెరగలేదు! నాకైతే ఈ విషయంలో అన్నిటికన్నా నచ్చిన ముక్క ఇదే.

'ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి ఏం చేస్తావు, కోర్సేదైనా నేర్చుకో' అని ఎల్బీనగర్ దాకా కనిపించే కోచింగ్ బోర్డులన్నీ అంటుంటాయి. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసింది నేనే మొదట, కాబట్టి ఆ ప్రశ్న నాకూ కొత్త కాదు. అందుకే ఇది కూడా చెప్పాలి. పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద పేరుతో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక పరిశోధనశాల ఉంది. గామా కిరణాలను పట్టే జెర్మేనియం డిటెక్టర్ల సముదాయం 'ఇంగా' ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా కేంద్రాల మధ్య వంతులవారీగా తిరుగుతుంది. వాటిలో ఢిల్లీ యాక్సిలరేటర్ కేంద్రాన్ని పెట్టిందే విశ్వవిద్యాలయాల వాళ్ళ కోసం. ప్రతిపాదన రాసి పంపాలి, కమిటీ ఒప్పుకోవాలి. ఆ తర్వాత రాత్రీ పగలూ వంతులేసుకుని కంప్యూటర్ ముందు ఆ మెట్లు లెక్కపెట్టే వాళ్ళలో ఎక్కువమంది పరిశోధక విద్యార్థులే.