తండ్రి లేకుండా తమ్ముణ్ణి తేల్చడం

కర్నూలు, కడప పల్లెల్లో మనిషి పోయాక గుట్టు బయటపడే చోట్లు రెండు. ఒకటి కర్మంత్రం, రెండోది తహసీల్దారు ఆఫీసు. పొలం వారసుల పేరిట ఎక్కాలంటే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలి, దానికి ఊళ్లో విచారణ జరుగుతుంది. సరిగ్గా అప్పుడే ఆదోని నుంచో రాయచోటి నుంచో ఒకడు దిగి "నేనూ ఆయన కొడుకునే" అంటాడు. పెద్దామె నోట మాట రాదు. చదువుకున్న పిల్లలు మాత్రం ధీమాగా ఉంటారు: "డీఎన్‌ఏ చేయిస్తే తేలిపోతుంది కదా!"

ఆ ధీమాలో సగమే నిజం. నాయన బతికుండగా చేసే పరీక్ష వేరు, ఆయన పోయాక బిడ్డల మధ్య చేసే పరీక్ష వేరు.

ఫోరెన్సిక్ ల్యాబులు సాధారణంగా మొత్తం డీఎన్‌ఏను చదవవు. ఇరవై, ఇరవై చిల్లర చోట్లను మాత్రం చూస్తాయి. ఆ చోట్ల డీఎన్‌ఏ అక్షరాల చిన్న గుంపు ఒకటి వరసగా మళ్లీ మళ్లీ వస్తుంది, ఒకరికి 13 సార్లు, ఇంకొకరికి 16 సార్లు. ప్రతి చోటా మనకు రెండు అంకెలుంటాయి, అమ్మది ఒకటి, నాయనది ఒకటి. కాబట్టి తండ్రి నమూనా ఉంటే లెక్క తేలిక. ప్రతి చోటా బిడ్డ అంకెల్లో ఒకటి ఆయనతో కలవాలి. మూడు నాలుగు చోట్ల తప్పిందంటే ఆయన తండ్రి కాడు.

సవతి అన్నదమ్ముల దగ్గర ఈ నియమం పనికిరాదు. తండ్రి తన రెండు అంకెల్లో ఏది ఏ బిడ్డకిస్తాడన్నది బొమ్మా బొరుసూ వ్యవహారం. ఇరవై చోట్లు చూస్తే సగటున పదింట్లో ఇద్దరికీ వేర్వేరువి ఇచ్చి ఉంటాడు. అందుకని కలవనంత మాత్రాన కాదనలేం. ఏ చుట్టరికమూ లేనివాళ్లకు కూడా కొన్ని చోట్ల కలుస్తాయి గనక, కలిసినంత మాత్రాన ఔననలేం. చివరికి ల్యాబు ఇచ్చేది ఒక నిష్పత్తి. వీళ్లు సవతి అన్నదమ్ములైతే ఈ అంకెలు రావడానికున్న అవకాశం, ఏమీ కానివాళ్లయితే ఉండే అవకాశానికి ఎన్ని రెట్లు అని. అది వెయ్యి రెట్లు రావచ్చు, రెండు రెట్లే రావచ్చు. రెండు రెట్లతో కోర్టులో కాదు కదా, రచ్చబండ దగ్గర కూడా నెగ్గలేం.

ఒక్క చోటు తీసుకుని చూద్దాం. అన్నకు 13, 15. కొత్తగా వచ్చినవాడికి 13, 16. పైకి 13 కలిసింది. ఇప్పుడు తల్లుల నెత్తురూ తీద్దాం. అన్న తల్లికి 15, 17 ఉంటే, అతని 15 ఆమెది, 13 నాయనది. వచ్చినవాడి తల్లికి 13, 14 ఉంటే, అతని 13 తల్లి ఇచ్చిందే, తండ్రి నుంచి వచ్చింది 16. అంటే కలిసిందనుకున్న 13 ఉత్త కాకతాళీయం. అయినా కాదని తేలలేదు, నాయనకు 13, 16 రెండూ ఉండి ఉండవచ్చు. ఇక్కడ అన్న తోడబుట్టిన చెల్లెలి నమూనా కూడా కలిపి, ఆమెకు నాయన నుంచి 14 వచ్చిందని తేలిందనుకోండి. నాయన అంకెలు 13, 14 అని ఖాయమైపోతుంది, 16కు చోటే లేదు. ఇలాంటి చోట్లు నాలుగైదు పడితే వచ్చినవాడు ఆయన కొడుకు కాడు. రిపోర్టుకు స్పష్టత తెచ్చేది ఇలా తల్లులు, తోబుట్టువులే.

ఇది కొత్త యుక్తి కాదు. 1984లో ఇంగ్లండులోని లెస్టర్‌లో శాస్త్రవేత్త అలెక్ జెఫ్రీస్ డీఎన్‌ఏ వేలిముద్ర కనిపెట్టాడు. మరుసటి ఏడు ఘనా నుంచి వచ్చిన ఒక కుర్రాడి కేసు ఆయన దగ్గరికొచ్చింది. అతను ఆ తల్లి కొడుకో, లేక ఆమె అక్కచెల్లెళ్ల కొడుకో అని వలస అధికారుల సందేహం. తండ్రి అందుబాటులో లేడు. అనుమానం లేని మిగతా బిడ్డల డీఎన్‌ఏ నుంచే లేని తండ్రి ముద్రను కూర్చి కుర్రాడు ఆమె కొడుకేనని తేల్చారు. మన దగ్గర హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్, పట్టీల కట్లపాములో దొరికిన బీకేఎం అనే డీఎన్‌ఏ ముక్క ఆధారంగా సొంత పద్ధతి తయారుచేశారు. కేరళలోని తలశ్శేరి కోర్టులో తేలిన మన దేశపు తొలి డీఎన్‌ఏ పితృత్వ కేసుకు ఆధారం అదే. ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా చేసిన ఎన్.డి. తివారీ తన తండ్రని ఒకరు వేసిన కేసులో, 2012లో పరీక్ష జరిగింది కూడా హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ ల్యాబు సీడీఎఫ్‌డీలోనే. అప్పటికి ఆయన బతికున్నారు గనక, కోర్టు గట్టిగా అడిగాక నెత్తురు దొరికింది, తగువు తెగింది.

ఈమధ్య లక్షల చోట్లను చదివే పరీక్షలు వచ్చాయి. వాటిలో సవతి తోబుట్టువులకు సగటున 25 శాతం డీఎన్‌ఏ కలుస్తుంది. మన సీమలో పేచీ ఇక్కడే. మేనమామకూ మేనకోడలికీ కలిసేది 25 శాతమే, తాతకూ మనవడికీ అంతే. ఇద్దరన్నదమ్ములు ఇద్దరక్కచెల్లెళ్లను చేసుకుంటే (మన ఊళ్లలో ఇది వింతేమీ కాదు) వాళ్ల పిల్లల మధ్యా అంతే. కొడుకునని వచ్చినవాడు నిజానికి అలా చిన్నమ్మను చేసుకున్న చిన్నాయన కొడుకైనా శాతం ఒక్కటే చూస్తే తెలియకపోవచ్చు. సవతులు అక్కచెల్లెళ్లయితే 25 కాస్తా 37.5 అవుతుంది. నాయన అక్క కూతుర్నే చేసుకుని ఉంటే, ఆమె బిడ్డలకూ బయటి స్త్రీ బిడ్డకూ మధ్య లెక్క 31 దాటుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నాలుగో వంతు పెళ్లిళ్లు రక్తసంబంధంలోనే జరుగుతున్నాయి. దాని మీద తరతరాలుగా ఒకే కులంలో ఇచ్చిపుచ్చుకోవడం. విదేశీ కంపెనీ కట్టిన సగటులను ప్రొద్దుటూరు కుటుంబానికి అలాగే అంటించడం పొరపాటు.

ఇద్దరూ మగవాళ్లయితే వై క్రోమోజోమ్ చూస్తారు. అది తండ్రి నుంచి కొడుక్కు దాదాపు మార్పు లేకుండా దిగుతుంది. కలవకపోతే ఇద్దరూ ఒకే తండ్రి బిడ్డలు కారు. కలిస్తే? చిన్నాయనదీ అదే, జేజినాయన తమ్ముడి మనవడిదీ అదే. ఒకే ఇంటిపేరువాళ్లు నిండిన ఊళ్లో అది వంశాన్ని చెబుతుంది, తండ్రిని కాదు. ఇద్దరూ ఆడబిడ్డలైతే ఇంకా మేలు, తండ్రికున్న ఒకే ఒక్క ఎక్స్ దాదాపు మొత్తంగా ఇద్దరికీ దిగుతుంది. అన్నా చెల్లెళ్ల జోడీకి ఈ రెండు ఆసరాలూ లేవు.

అసలు మేలైన దారి నాయన నమూనానే వెతకడం. దహనం చేసిన బూడిదలో డీఎన్‌ఏ దాదాపు మిగలదు. సీమలో చాలామంది సొంత పొలంలోనే పూడుస్తారు, కాబట్టి కోర్టు ఆజ్ఞ ఉంటే దవడపళ్లు, తొడ ఎముక పనికొస్తాయి. అంత దూరం పోకముందే ఆస్పత్రిని అడగాలి. బయాప్సీ తీసిన ముక్కను మైనపు దిమ్మలో పెట్టి పాథాలజీవాళ్లు ఏళ్ల తరబడి దాస్తారు. చాలా కుటుంబాలకు ఈ సంగతే తెలియదు.

చట్టం సంగతీ ఒక ముక్క. మొదటి భార్య ఉండగా చేసుకున్న రెండో పెళ్లి హిందూ వివాహ చట్టం ప్రకారం చెల్లదు. కానీ ఆ పెళ్లిలో పుట్టిన బిడ్డలు 16వ సెక్షన్ ప్రకారం సక్రమ సంతానమే. ఉమ్మడి ఆస్తిలో తండ్రికి రావలసిన భాగంలో వాళ్లకూ వాటా ఉందని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబర్ 1న చెప్పింది. వేరే సాక్ష్యాలుండగా, ఇష్టం లేనివాణ్ణి డీఎన్‌ఏ పరీక్షకు బలవంతపెట్టకూడదని 2021లోనే చెప్పింది. కాబట్టి రేషన్ కార్డు, బడి రికార్డు, ఆధార్‌లో తండ్రి పేరు లాంటి కాగితాలు ల్యాబు కన్నా ముందు పలుకుతాయి.

ఇరుపక్షాలూ ఒప్పుకుని పరీక్షకు వెళితే, రిపోర్టులో ముందు శాతం చూడకండి. తల్లుల నమూనాలు కలిపారా, మేనరికం సంగతి ల్యాబుకు చెప్పారా, ఆ రెండూ చూడండి. లేకపోతే అవి చేర్చి మళ్లీ లెక్క కట్టమని అడగండి.