పసికందు రక్తంలో దాగి ఉన్న మొండి క్రిములు

పది రోజుల బిడ్డ. నిన్నటిదాకా చక్కగా పాలు తాగింది. ఈ రోజు రొమ్ము పట్టడం లేదు. ఒళ్ళు చల్లగా ఉంది, ఏడుపులో బలం లేదు. "దిష్టి తగిలింది" అంటుంది అమ్మమ్మ. దిష్టి తీస్తే తియ్యండి. కాని అంతటితో ఊరుకోకండి. బిడ్డ రక్తంలో క్రిములు చేరాయనడానికి అది గుర్తు కావచ్చు. దీన్ని సెప్సిస్ అంటారు. నెలలోపు బిడ్డకు జ్వరం ఎంత ప్రమాదమో, ఒళ్ళు చల్లబడటం కూడా అంతే ప్రమాదం.

ఆస్పత్రిలో రక్తం తీసి కల్చర్ పరీక్షకు పంపుతారు. ఏ మందుకు ఆ క్రిములు లొంగుతాయో తేలడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అందాకా ఆగకుండా ఇంజెక్షన్లు మొదలుపెడతారు.

"రిపోర్టులో ఉన్న మందే ఇస్తున్నా బిడ్డ కోలుకోలేదేం?" అని మీరడగవచ్చు. కారణాలు అనేకం. వాటిలో ఒకటి చాలామందికి తెలియనిది.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటాం. క్రిముల విషయంలో ఈ మాట చెల్లదు. ఒకే జాతి క్రిముల గుంపులో దాదాపు అన్నీ మందుకు లొంగేవే అయినా, ఏ పది లక్షలకొకటో లొంగనిది ఉండవచ్చు. మామూలు పరీక్షకు అది దొరకకపోవచ్చు. మందు పడగానే తక్కినవి చస్తాయి, ఈ మొండివి పెరుగుతాయి. మందు ఆపాక ఒక్కోసారి మళ్ళీ తగ్గిపోయి గుంపులో దాక్కుంటాయి కూడా! దీని పేరు హెటిరోరెసిస్టెన్స్. 1947లోనే శాస్త్రజ్ఞులు దీన్ని గమనించారు. ఆఖరి అస్త్రంగా దాచుకున్న కొలిస్టిన్ విషయంలో కూడా ఇది కనిపిస్తోంది.

పైకి కనిపించే మొండితనమే తక్కువేమీ కాదు. 2011–14 మధ్య ఢిల్లీలోని మూడు ఆస్పత్రుల్లో నవజాత శిశువులను పరిశీలించారు. వారి రక్తంలో దొరికిన అసినెటోబాక్టర్ క్రిముల్లో నూటికి 82, క్లెబ్సియెల్లాలో నూటికి 54 అనేక మందులకు లొంగనివని తేలింది.

మరి మీరు చెయ్యవలసిందేమిటి?

బిడ్డను ఎత్తుకునే ప్రతివారూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టండి. బొడ్డుకు పసుపు, బూడిద, నూనె వంటివి రాయకండి, పొడిగా ఉంచండి. పెద్దపిల్లకు వాడగా మిగిలిన యాంటీబయోటిక్ సీసా చంటిబిడ్డకు పట్టకండి.

బిడ్డ పాలు మానినా, నిమిషానికి 60 సార్లు గాని అంతకు మించి గాని ఊపిరి పీలుస్తున్నా, డొక్కలెగరేస్తున్నా, ఫిట్స్ వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. కాస్త తేరుకుందని మధ్యలో ఇంటికి తెచ్చెయ్యకండి. మందు నడుస్తున్నా బిడ్డ డీలా పడుతుంటే, రిపోర్టు బాగుందని సరిపెట్టుకోక వెంటనే డాక్టరుకు చెప్పండి. రిపోర్టు తీసిన రోజు సంగతి కాగితం చెబుతుంది. ఈ పూట సంగతి చెప్పేది బిడ్డే.